పూల్ ఆటలో మోచేయి, స్ట్రోక్: తరచుగా అడిగే ప్రశ్నలు

పూల్ అంటే స్టిక్‌తో తెల్ల బాల్‌ను (వైట్‌ను) కొట్టి, దానితో మిగతా బాల్స్‌ను బల్ల అంచుల్లోని పాకెట్లలో పడేసే ఆట. భీమవరంలో నేను సాయంత్రం పూట అది ఆడే హాలుకు పాలకొల్లు, నరసాపురం, తణుకు వైపు నుంచి కూడా కుర్రవాళ్లు వస్తుంటారు. స్ట్రోక్ గురించి, అంటే స్టిక్‌ను వెనక్కి లాగి ముందుకు కొట్టే కదలిక గురించి, వాళ్ల సందేహాల్లో సగానికి సగం మోచేతి దగ్గరే మొదలవుతాయి. అవే ప్రశ్నలు వారం వారం మళ్లీ వినిపిస్తున్నందువల్ల వాటిని అడిగినవారి మాటల్లోనే ఇక్కడ రాసి పెట్టాను. జవాబులన్నీ కుడిచేతి వాటం ఆటగాణ్ణి దృష్టిలో పెట్టుకొని రాసినవి. ఎడమచేతి వాటం వారు కుడిని ఎడమగా మార్చుకొని చదువుకోవాలి. ఏ ప్రశ్న నుంచైనా మొదలుపెట్టవచ్చు.

## నిలబడేటప్పుడు

స్టిక్‌ని కొందరు చివర పట్టుకోమంటారు, కొందరు కాస్త ముందుకి జరగమంటారు. అసలు ఎక్కడ పట్టుకోవాలండీ?

స్టిక్ మీద చూపించగలిగిన ఒక నిర్ణీత స్థానం ఏదీ లేదు, ఎందుకంటే అది మీ ఎత్తును, చేతుల పొడవును బట్టి మారుతుంది. మామూలు పూల్ స్టిక్ పొడవు 58 అంగుళాలు, అంటే సుమారు 147 సెంటీమీటర్లు. టిప్‌ను (స్టిక్ ముందు కొసను) వైట్ బాల్‌కు దాదాపు ఆనించి వంగినప్పుడు మోచేయి నుంచి పిడికిలి దాకా ఉండే ముంజేయి నిట్టనిలువుగా వేలాడుతూ ఉంటే, ఆ పిడికిలి ఎక్కడ పడిందో అదే మీ చోటు.

పిడికిలి ఇంకా వెనక్కి ఉంటే, టిప్ బాల్‌కు తగిలే సమయానికి చేయి ఇంకా కిందికి దిగుతూనే ఉంటుంది. ముందుకు ఉంటే అప్పటికే పైకి లేవడం మొదలవుతుంది. ముంజేయి నిలువుగా ఉన్న ఆ కొద్ది దూరంలోనే చేయి పైకీ కిందికీ కాకుండా ముందుకు మాత్రమే సాగుతుంది. బాల్ ఆ కొద్ది దూరంలో తగలాలి. ఒక దారానికి చిన్న నట్టు కట్టి మీ మోచేతి దగ్గర నుంచి వేలాడదీయమని స్నేహితుణ్ణి అడగండి. దారం మీ మణికట్టు పక్కగా దిగితే సరిపోయినట్టే.

నన్నందరూ కోడిరెక్క అంటున్నారు. మోచెయ్యి బయటికి ఉంటే తప్పా?

సంక్రాంతి రోజుల్లో మా ఊళ్లో కోడి మాట ఎత్తితే చర్చ వేరే దారి పడుతుంది గానీ, ఇక్కడ కోడిరెక్క అంటే వెనక నుంచి చూసినప్పుడు మోచేయి స్టిక్ మీదికి నిలువుగా కాకుండా పక్కకు విచ్చుకొని ఉండడం. వెనక నుంచి చూస్తే భుజం, మోచేయి, మణికట్టు, స్టిక్ ఒకే నిలువు గీతలో ఉండడం మేలు. అయితే వంకర చేతితోనే చక్కగా ఆడేవాళ్లను నేను చాలామందిని చూశాను. ప్రతిసారీ ఒకే వంకర ఉంటే అది మీ పద్ధతి అనుకోవచ్చు. ఒకసారి బయటికి, ఒకసారి లోపలికి పోతుంటే మాత్రం లోపం పాదాల దగ్గర ఉందని నా అనుభవం. కుడి పాదం గురి గీత మీద లేకపోతే తుంటి స్టిక్‌కు అడ్డం వస్తుంది, దాన్ని తప్పించడానికి మోచేయి పక్కకు పోతుంది. మోచేతిని సరిచేసే ముందు పాదాన్ని నాలుగు అంగుళాలు అటూ ఇటూ జరిపి చూడండి.

గట్టిగా పట్టుకుంటేనే కదండీ స్టిక్ కదలకుండా ఉండేది?

కాదు. గట్టిగా పట్టుకున్నప్పుడు ముంజేతి కండరాలన్నీ బిగుసుకొని మోచేతి కీలును కూడా బిగిస్తాయి, దాంతో మోచేతి దగ్గర జరగాల్సిన కదలిక భుజానికి పాకుతుంది. పూల్ స్టిక్ బరువు సాధారణంగా 18 నుంచి 21 ఔన్సులు, అంటే సుమారు 510 నుంచి 600 గ్రాములు. అరలీటరు పాల ప్యాకెట్ కంటే కాస్త ఎక్కువ. దాన్ని మోయడానికి వేళ్ల ఊయల చాలు, పిడికిలి అక్కరలేదు. వెనక్కి లాగినప్పుడు చిటికెన వేలు, ఉంగరం వేలు వాటంతట అవే కొద్దిగా విచ్చుకోవాలి. ముందుకు వచ్చినప్పుడు మూసుకోవాలి. అవి విచ్చుకోవడం లేదంటే మీరు బిగించారని అర్థం.

స్నూకర్ ఆడే పెద్దాయన ఒకటి చెబుతారు, పూల్ ఆడే అన్నయ్య ఇంకోటి చెబుతాడు. ఎవరి మాట వినాలి?

మన దేశంలో చాలామంది స్నూకర్ బల్ల దగ్గర నేర్చుకొని పూల్‌కు వచ్చినవారే. స్నూకర్ పుట్టిందే 1875లో జబల్‌పూర్‌లోని సైనికాధికారుల మెస్‌లో; బిలియర్డ్స్‌లో మన దేశపు విల్సన్ జోన్స్ 1958లోనే ప్రపంచ అమెచ్యూర్ ఛాంపియన్ అయ్యారు. కాబట్టి పెద్దాయన చెప్పేదానికి వెనక గట్టి సంప్రదాయమే ఉంది. స్నూకర్ బాల్ 52.5 మిల్లీమీటర్లు, టిప్ సుమారు 9 నుంచి 10 మిల్లీమీటర్లు, బల్ల 12 అడుగులు. అక్కడ వెంట్రుకవాసి పక్కకు పోయినా పాకెట్ క్షమించదు గనుక గడ్డం స్టిక్‌కు ఆనించి, ఛాతీకి తగిలించి, స్టిక్‌ను నాలుగు చోట్ల కట్టడి చేస్తారు. పూల్ బాల్ 57.15 మిల్లీమీటర్లు, టిప్ సుమారు 13, పాకెట్లు బాల్‌తో పోలిస్తే వెడల్పు. అందువల్ల కాస్త ఎత్తుగా నిలబడి వదులుగా కొట్టేవారికి కూడా చోటు ఉంది. 1995లో ఇంగ్లండ్ స్నూకర్ నుంచి అమెరికా పూల్‌కు వెళ్లిన ఆలిసన్ ఫిషర్ స్నూకర్ పద్ధతిలోనే నిలబడి అక్కడ ఎన్నో టైటిళ్లు గెలిచారు. మొదటి ఏడాది పెద్దాయన మాట వినండి.

## వెనక్కి లాగేటప్పుడు

వెనక్కి లాగితే స్టిక్ వెనక భాగం పైకి లేస్తోంది. సమాంతరంగా ఉండాలంటారు కదా?

మోచేయి కదలకుండా ఉన్నప్పుడు పిడికిలి గడియారపు లోలకంలా వంపు తిరగక తప్పదు. మోచేయి నుంచి పిడికిలికి 36 సెంటీమీటర్లు ఉన్న మనిషి 20 సెంటీమీటర్లు వెనక్కి లాగితే పిడికిలి లెక్క ప్రకారం 6 సెంటీమీటర్ల మేర పైకి లేస్తుంది. వేళ్లు విచ్చుకుంటే అందులో కొంత తగ్గుతుంది. అదీగాక ఆ సమయంలో టిప్ దాదాపు బ్రిడ్జ్ (స్టిక్‌కు ఊతంగా బల్ల మీద పెట్టే ఎడమ చేయి) దగ్గరికి వచ్చేసి ఉంటుంది గనుక వెనక ఎంత లేచినా టిప్ స్థానం పెద్దగా మారదు. తిరిగి వచ్చేటప్పుడు అదే వంపులో దిగితే చాలు. స్టిక్‌ను బలవంతంగా సమాంతరంగా ఉంచాలని చూసేవారు భుజాన్ని కదిలించడం మొదలుపెడతారు, అది అసలు కంటే పెద్ద తలనొప్పి.

ఎంత వెనక్కి లాగాలి?

బ్రిడ్జ్‌కూ వైట్‌కూ మధ్య 20 నుంచి 25 సెంటీమీటర్లు ఉంచి, టిప్ బ్రిడ్జ్ వేలి దాకా వచ్చేంత లాగితే చాలా షాట్లకు సరిపోతుంది. మెల్లని షాట్‌కు బ్రిడ్జ్‌నే దగ్గరగా పెట్టి తక్కువ లాగండి. ఎక్కువ లాగి మధ్యలో వేగం తగ్గించడం కొత్తవారి చెడ్డ అలవాట్లలో మొదటిది.

వెనక ఒక్క క్షణం ఆగాలంటారు. ఆగితే నాకు లయ తప్పుతోంది.

ఆగడం తప్పనిసరి కాదు. వెనక్కి పోవడం నుంచి ముందుకు రావడానికి మారే చోట తొందర లేకుండా ఉంటే చాలు, ఎందుకంటే అక్కడ కుదుపు వస్తే ఆ కుదుపుతో పాటే భుజం దిగుతుంది. ఆగి చూడండి, రెండు వారాలకూ కుదరకపోతే వదిలేయండి.

## తగిలే క్షణంలో

మోచెయ్యి దించకూడదంటారు. దించితే ఏమవుద్దండీ?

ఈ మొత్తం విషయంలో నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే: మోచేయి దిగిందా లేదా అన్నది సగం ప్రశ్న, ఎప్పుడు దిగింది అన్నది మిగతా సగం.

పాతకాలం ఏతాం చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. మధ్యలో ఊతం, ఒక కొస దిగితే రెండో కొస లేస్తుంది. స్టిక్‌కు బ్రిడ్జ్ ఊతం. టిప్ నుంచి బ్రిడ్జ్‌కు 24 సెంటీమీటర్లు, బ్రిడ్జ్ నుంచి పిడికిలికి 96 సెంటీమీటర్లు ఉన్నాయనుకుందాం. అంటే ఒకటికి నాలుగు. బాల్ తగలక ముందే మోచేయి దిగి, దానితో పిడికిలి అనుకున్న చోటి కంటే 2 సెంటీమీటర్లు కిందికి వస్తే టిప్ 5 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. పూల్ బాల్ మధ్య బిందువు క్లాత్ (బల్ల మీద పరిచిన గుడ్డ) నుంచి సుమారు 28.6 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆ లెక్కన 5 మిల్లీమీటర్లు చిన్న తేడా కాదు: మధ్యలో కొడదామనుకున్న వైట్ ముందుకు దొర్లుతుంది, కింద కొడదామనుకున్న వైట్ అక్కడే నిలబడిపోతుంది.

బాల్ వెళ్లిపోయాక మోచేయి దిగితే ఏమీ కాదు. టిప్‌కూ బాల్‌కూ మధ్య స్పర్శ సెకనులో వెయ్యో వంతు, కొంచెం అటూ ఇటూ, అంతే ఉంటుంది. ఆ తరువాత మీ చేయి చేసే ఏ పనీ బాల్‌ను చేరదు.

మరి పెద్ద పెద్ద ఛాంపియన్లే దించుతున్నారుగా! నేనెందుకు మానుకోవాలి?

దించుతారు, నిజమే. ప్రొఫెషనల్ ఆటగాళ్లలో చాలామందికి ఫాలో త్రూలో, అంటే బాల్ తగిలాక స్టిక్ ముందుకు సాగేటప్పుడు, మోచేయి దిగుతుంది, గట్టి షాట్లలో మరీ కనిపిస్తుంది. 1999లో ప్రపంచ నైన్ బాల్ (పూల్‌లో ఒక రకం) ఛాంపియన్ అయిన ఫిలిప్పీన్స్ ఆటగాడు ఎఫ్రెన్ రేయెస్ పొడవైన, వదులైన స్ట్రోక్ చూసి దాన్ని అనుకరించనివాడు లేడు. కానీ అలాంటివారు కొట్టినప్పుడు స్టిక్ బాల్‌ను దాటే దాకా నేరుగా సాగి, ఆ మిగిలిన ఊపును ఎక్కడో ఒకచోట వదిలేయడానికి మోచేయి దిగుతుంది. మనం అనుకరించేటప్పుడు కంటికి కనిపించేది ఆ దిగడమే గనుక దాన్నే ముందు నేర్చుకుంటాం, అది కాస్తా తగలక ముందే వచ్చేస్తుంది. బాల్ తగిలే దాకా మోచేతిని నిలిపి ఉంచడం ముందు అలవాటు చేసుకుంటే, తరువాత అది దిగినా మీకు నష్టం లేదు.

స్క్రూ కొడితే వైట్ వెనక్కి రాదేంటండీ? కిందే కొడుతున్నాను.

స్క్రూ అంటే వైట్‌ను కింది భాగంలో కొట్టి, ఎదుటి బాల్‌కు తగిలాక అది వెనక్కి వచ్చేలా చేయడం. మీరు కింద గురి పెడుతున్నారు, కింద తగలడం లేదు. నిరుడు తణుకు నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఇదే మాట పట్టు మీద అన్నాడు. టిప్‌కు చాక్ బాగా రాసి, వైట్ దొర్లాక దాని మీద మరక ఏ ఎత్తులో పడిందో చెప్పలేం గనుక, వైట్‌కు బదులు చారల బాల్‌ను శుభ్రంగా తుడిచి పెట్టాను. చారను క్లాత్‌కు సమాంతరంగా, సరిగ్గా నడుము చుట్టూ వచ్చేలా అమర్చి, చార కింది అంచుకు ఇంకా కింద కొట్టమన్నాను. కొట్టాక బాల్ చేతిలోకి తీసుకొని చూస్తే నీలం చాక్ మరక చార మధ్యలో, తమలపాకు మీద సున్నం బొట్టులా కూర్చుని ఉంది. అతను చాలాసేపు మాట్లాడలేదు.

గట్టిగా కొట్టాలన్న ఆత్రంలో భుజం ముందే కదిలి, పిడికిలి దిగి, టిప్ లేస్తుంది. మధ్య బిందువుకు 12 మిల్లీమీటర్ల కింద కొడదామనుకున్నవారికి టిప్ 5 మిల్లీమీటర్లు లేస్తే 7 మిల్లీమీటర్ల కింద తగులుతుంది. వెనక్కి తిరిగే ఊపు దాదాపు నలభై శాతం అక్కడే పోతుంది. మిగిలినది క్లాత్ రాపిడికి దారిలో కరిగిపోతుంది. రెండు బాల్స్ మధ్య దూరం అడుగే ఉంచి, మెల్లగా, మోచేయి అసలు దించకుండా కొట్టండి. వైట్ ఒక జానెడు వెనక్కి వస్తే దూరం పెంచండి, బలం పెంచకండి. మధ్య బిందువు నుంచి బాల్ వ్యాసార్థంలో సగం, అంటే సుమారు 14 మిల్లీమీటర్లు దాటితే టిప్ జారి మిస్‌క్యూ అవుతుంది గనుక మరీ కిందికి పోవడమూ పనికిరాదు.

నేరుగా ఉన్న బాలే మిస్సవుతోంది, కట్ షాట్లు మాత్రం పడుతున్నాయి. ఇదేం విచిత్రం?

కట్ షాట్‌లో, అంటే బాల్‌ను పక్కగా తాకించి కోణంలో పంపే షాట్‌లో, తప్పును తప్పుతో సర్దుకోవడం మీకు తెలియకుండానే అలవాటై ఉంటుంది. నేరు షాట్‌లో ఆ సౌకర్యం లేదు. మోచేయి పైకీ కిందికీ కదలడం కంటే పక్కకు కదలడం ఎక్కువ హాని చేస్తుంది. ముందుకు వచ్చేటప్పుడు పిడికిలి ఒంటి వైపు లాగబడితే బ్రిడ్జ్ అవతల టిప్ కుడికి పోయి వైట్ కుడి భాగాన తగులుతుంది, కోరని సైడ్ (బాల్ పక్కవాటుగా గిరగిరా తిరగడం) వస్తుంది.

ఇందులో ఒక చమత్కారం ఉంది. టిప్ కుడికి పోయినప్పుడు స్టిక్ చూపు కూడా కుడికే తిరుగుతుంది, కానీ సైడ్‌తో తగిలిన వైట్ కొద్దిగా ఎడమకు తోయబడుతుంది. బ్రిడ్జ్ పొడవు మీ స్టిక్ స్వభావానికి కుదిరితే ఈ రెండూ ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకొని, వంకర స్ట్రోక్‌తో కూడా వైట్ దాదాపు నేరుగా పోతుంది. అందుకే కొన్ని రోజులు అన్నీ పడతాయి, ఆ తరువాత వైట్ కుషన్‌కు (బల్ల అంచు రబ్బరుకు) తగిలి అనుకోని కోణంలో తిరిగినప్పుడు మాత్రం బల్లను తిడతాం. నేను బల్లను తిట్టిన ఏళ్లు నాలుగున్నాయి.

మణికట్టు విసిరితే బలం వస్తుందా?

కొందరికి వస్తుంది, చాలామందికి తప్పు వస్తుంది. మణికట్టును గేటు కీలులా వదులుగా వేలాడనివ్వండి. అదనంగా ఏమీ చేయించకండి.

## తగిలిన తరువాత

కొట్టాక టిప్ కిందికి దిగి క్లాత్‌కి తగులుతోంది. క్లాత్ చిరుగుద్దేమో అని భయం.

అది మోచేయి నిలిచి ఉందనడానికి గుర్తు. బాల్ దాటాక పిడికిలి పైకి లేవడం మొదలుపెడుతుంది, దానికి ఎదురుగా టిప్ దిగుతుంది. మెల్లగా దిగి క్లాత్‌ను తాకితే ఏమీ కాదు. క్లాత్ చిరిగేది స్టిక్ వెనక భాగాన్ని బాగా ఎత్తి బాల్ కిందికి పొడిచేవారి వల్ల. హాలు యజమాని కంగారు పడితే అతనికి ఈ తేడా వివరించండి, నమ్ముతాడని హామీ ఇవ్వలేను.

ఫాలో త్రూ పొడవుగా ఉంటే వైట్ ఎక్కువ దూరం పోతుందా?

పోదు. వైట్ వేగం తగిలే క్షణంలో స్టిక్‌కు ఉన్న వేగాన్ని బట్టి నిర్ణయమవుతుంది. ఫాలో త్రూ విలువ వేరే చోట ఉంది: ముందుకు పోవాలని అనుకున్న చేయి తగిలేటప్పుడు వేగం తగ్గించదు. షాట్ తరువాత స్టిక్‌ను వెంటనే వెనక్కి లాక్కునేవారు తగలక ముందే లాగడం మొదలుపెట్టి ఉంటారు.

బ్రేక్ కొట్టేటప్పుడు కూడా మోచెయ్యి కట్టేసుకోవాలా?

అక్కరలేదు. బలమైన ఆటగాళ్ల బ్రేక్‌లో, అంటే పేర్చిన బాల్స్‌ను చెదరగొట్టే మొదటి షాట్‌లో, వైట్ గంటకు 32 నుంచి 40 కిలోమీటర్ల వేగంతో పోతుంది. మోచేతి నుంచి మాత్రమే అంత వేగం రావడం కష్టం, భుజమూ ఒళ్లూ కలవాలి, మోచేయి దిగడం సహజం. నా మొదటి రోజుల్లో ఒక పెద్దమనిషి సలహా విని జబ్బకూ ఛాతీకీ కలిపి తువ్వాలు చుట్టుకొని నెల రోజులు సాధన చేశాను. మామూలు షాట్లు బాగుపడ్డాయి, బ్రేక్ మాత్రం ముసలమ్మ బిందె దించినట్టు తయారైంది, దాన్ని మళ్లీ దారికి తేవడానికి ఒక ఎండాకాలం పట్టింది. బ్రేక్‌లో వేగం కంటే ముందు గమనించాల్సింది మొదటి బాల్‌కు వైట్ నిండుగా తగులుతోందా అన్నది. తగలకపోతే వేగం తగ్గించండి.

వైట్ కుషన్‌కి అంటుకుని ఉంటే స్ట్రోక్ కుదరట్లేదు.

కుషన్ ముక్కు (బాల్‌కు తగిలే కొస) ఎత్తు బాల్ వ్యాసంలో దాదాపు 63.5 శాతం, అంటే సుమారు 36 మిల్లీమీటర్లు. బాల్ పై భాగం మాత్రమే అందుతుంది, స్టిక్ కొంత ఎత్తక తప్పదు. ఇక్కడ మోచేయి దింపే జాగా కూడా లేదు, దింపితే స్టిక్ అంచుకు కొట్టుకుంటుంది. బ్రిడ్జ్ చేతిని చెక్క మీద చదునుగా పెట్టి, పిడికిలిని కాస్త ముందుకు జరిపి, పొట్టిగా, నిమ్మళంగా కొట్టండి. పాకెట్ చేయడంతో తృప్తి పడి వైట్ స్థానం గురించి ఆశ తగ్గించుకోవాలి.

## సాధన, శరీరం, వాతావరణం

ఇంట్లో బల్ల లేదు. స్ట్రోక్ ఎలా సాధన చేయాలి?

ఖాళీ కూల్‌డ్రింక్ గాజు సీసాను భోజనాల బల్ల మీద పడుకోబెట్టి, కదలకుండా రెండు వైపులా పుస్తకాలు పెట్టి, టిప్‌ను సీసా మూతిలోకి అంచు తగలకుండా పోనిచ్చి తీయండి. మెల్లగా ఇరవైసార్లు తగలకుండా పోతే వేగం పెంచండి. పక్కకు పోయే మోచేతిని గాజు చప్పుడు వెంటనే పట్టిస్తుంది. ఇంట్లో వాళ్లు నిద్రపోయే వేళ మాత్రం వద్దు.

బల్ల దగ్గర గంట దొరికితే ఏం చేయాలి? ఆడుకోవాలా, సాధనా?

గంటకు డబ్బు కడుతున్నప్పుడు సాధనకు మనసు రాదని నాకు తెలుసు, అందుకే మొదటి పావుగంట చాలంటాను. వైట్‌ను ఒక్కదాన్నే బల్ల పొడవునా మధ్య గీత మీద కొట్టి, అది ఎదుటి కుషన్‌కు తగిలి తిరిగి మీ టిప్‌కే వచ్చి తాకేలా చూడండి. పక్కకు వస్తే కోరని సైడ్ ఉన్నట్టు. పదింటికి ఆరు తిరిగి వస్తే, తరువాత నేరు షాట్‌లో వైట్‌ను తగిలిన చోటే ఆపే సాధన చేయండి. ఆగిన వైట్ ముందుకు జరిగితే టిప్ లేచింది, పక్కకు దొర్లితే బాల్ నిండుగా తగలలేదు, నిలబడి గిర్రున తిరిగితే సైడ్ కలిసింది.

ఫోన్‌లో వీడియో తీసుకుంటే తెలుస్తుందా?

తెలుస్తుంది, కానీ ఫోన్ పెట్టే చోటు ముఖ్యం. పక్క నుంచి తీసేటప్పుడు మోచేతి ఎత్తులోనే పెట్టండి. పై నుంచి తీస్తే మోచేయి దిగిందో లేదో కంటికి ఆనదు. రెండోది నేరుగా వెనక నుంచి తీయండి. సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్‌లో కూడా ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ మధ్య నాలుగు మిల్లీసెకన్లకు పైనే ఉంటుంది, స్పర్శ దానికంటే చిన్నది. కాబట్టి టిప్ బాల్‌ను తాకుతున్న బొమ్మ దొరకకపోవచ్చు. బాల్ కదలక ముందటి ఆఖరి ఫ్రేమును నిలిపి, గురి పెట్టినప్పటి ఫ్రేముతో పోల్చండి. రెండింటిలో మోచేయి ఒకే ఎత్తులో ఉంటే మిగతా వీడియో చూడనక్కరలేదు.

వానాకాలం రాగానే నా స్ట్రోక్ పాడైపోద్దేంటండీ?

మన వైపు కాలువలు, చెరువులు, సముద్రం అన్నీ దగ్గరే. జూలై నుంచి నవంబరు దాకా హాల్లో గాలి తడి గుడ్డలా ఉంటుంది. క్లాత్ తేమ పట్టి బాల్స్ మందగిస్తాయి, మందగించిన కొద్దీ ఆటగాడు గట్టిగా కొడతాడు, గట్టిగా కొట్టిన కొద్దీ భుజం ముందుకొచ్చి మోచేయి దిగుతుంది. ఇంకోవైపు చెమటకు స్టిక్ బ్రిడ్జ్ వేళ్లలో అంటుకొని సాగక, తోయడానికి పిడికిలి బిగుస్తుంది. పౌడర్ చల్లుకుంటే కాసేపు పని చేస్తుంది గానీ తరువాత క్లాత్ మీద ముద్ద కడుతుంది. మూడు వేళ్ల గ్లవ్ మేలు, అదీ లేకపోతే తడి గుడ్డతో స్టిక్ తుడిచి వెంటనే పొడి గుడ్డతో రుద్దండి. వచ్చిన వెంటనే నాలుగు బాల్స్ మెల్లగా కొట్టి బల్ల ఆ రోజు ఎంత మందంగా ఉందో తెలుసుకోండి. మందంగా ఉంటే దగ్గరి షాట్లు ఎంచుకోవాలి.

రెండు గంటలు ఆడితే మోచేతి బయటి వైపు నొప్పి వస్తోంది. ఆట మానేయాలా?

ముందు పట్టు వదులు చేసి, వారం పాటు ఆట తగ్గించి చూడండి. మోచేతి బయటి ఎముక దగ్గర నొప్పి సాధారణంగా మణికట్టును, వేళ్లను ఎత్తి పట్టే కండరాల మొదలు మీద భారం పడడం వల్ల వస్తుంది. స్టిక్‌ను బిగించేవారికి, రోజంతా మోటార్ సైకిల్ హ్యాండిల్ పట్టుకునేవారికి ఇది మామూలే. చెంబు ఎత్తినా, తలుపు గడియ తిప్పినా నొప్పి వస్తుంటే, చేతికి తిమ్మిరి ఉంటే, విశ్రాంతి ఇచ్చినా తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించాలి. నొప్పి మీద మోచేతిని నిలబెట్టే సాధన చేయకూడదు.

నాకు నలభై ఆరు. ఇరవై ఏళ్లుగా మోచెయ్యి దించే ఆడుతున్నాను. ఇప్పుడు మార్చుకోవాలా?

బాల్ తగిలాక దిగుతుంటే మార్చుకోవద్దు. తగలక ముందు దిగుతోందని ఫోన్ వీడియోలో తేలితే, మొత్తం స్ట్రోక్‌ను కాకుండా మెల్లని షాట్లను మాత్రమే ముందు మార్చండి, గట్టి షాట్లు పాత పద్ధతిలోనే కొట్టుకోండి. రెండు మూడు నెలలు మీ ఆట ఇప్పటికంటే తక్కువ స్థాయిలో ఉంటుంది, రోజూ మీతో ఆడి ఓడిపోయే స్నేహితుడు ఆ నెలల్లో గెలుస్తాడు. అది ముందే అతనికి చెప్పి పెట్టుకోండి.